భూమిని గొలుసుతో కొలిచిన విలియం లాంబ్టన్

సుక్మా: దండకారణ్యపు దక్షిణ భాగంలో శబరి నది ఒడ్డున ఉన్న సుక్మా నుంచి కోంటా మీదుగా భద్రాచలం దిశగా సాగే 30వ నంబరు జాతీయ రహదారి పక్కన కిలోమీటరు రాళ్ళు కనిపిస్తాయి. వచ్చే ఊరు ఎంత దూరమో ఆ రాయి ఒక్క అంకెతో చెబుతుంది. చదివేవారు తెలుగువారైనా, కోయవారైనా, హల్బీ మాట్లాడేవారైనా ఆ అంకె అర్థం మారదు. రెండు శతాబ్దాల క్రితం పరిస్థితి ఇది కాదు. దూరమంటే కూతవేటు, పూట నడక, కోసు, ఆమడ. నడిచేవాడి కాళ్ళను బట్టి, దారిలోని వాగులను బట్టి, చెప్పేవాడి అంచనాను బట్టి ఆ మాటల విలువ మారిపోయేది.

ఈ దేశంలో దూరాన్ని మనిషి అడుగులపై, అంచనాలపై ఆధారపడకుండా లెక్కగట్టే పనిని 1802లో మద్రాసు వద్ద ఒక ఉక్కు గొలుసుతో ఆరంభించిన వ్యక్తి విలియం లాంబ్టన్. ఈస్ట్ ఇండియా కంపెనీ కాలంలో దక్షిణ భారతాన్ని ఇరవై ఏళ్ళకు పైగా కొలిచిన ఈ సైనికాధికారి పేరు, ఆయన శిష్యుడు జార్జ్ ఎవరెస్ట్ పేరంత ప్రసిద్ధి పొందలేదు. శిష్యుని పేరు ప్రపంచంలోని అత్యున్నత శిఖరానికి దక్కగా, గురువు సమాధి మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్‌లో మిగిలింది.

కొలతలు అనేకం, ప్రమాణం కరవు

తెలుగు నాట పొడవును కొలవడానికి శరీరమే సాధనంగా ఉండేది. పన్నెండు అంగుళాలు ఒక జాన, రెండు జానలు ఒక మూర, నాలుగు మూరలు ఒక బార. మూరను సుమారు పద్దెనిమిది ఇంచీలుగా తీసుకుంటే సంప్రదాయ అంగుళం నేటి ఇంచీలో ముప్పాతిక వంతు. కాలక్రమంలో అదే మాట ఇంగ్లీషు ఇంచీకి పేరుగా స్థిరపడింది. మాట నిలిచింది, పొడవు మారింది.

దూరాలకు కోసు, ఆమడ వాడుకలో ఉండేవి. ఆమడను వాడుకలో సుమారు ఎనిమిది మైళ్ళుగా లెక్కించేవారు. కోసు పొడవు మాత్రం ప్రాంతానికొక రకంగా ఉండేది. బట్ట కొనుగోలుకు, బావి లోతుకు, పొరుగూరి ప్రయాణానికి ఈ కొలతలు చక్కగా సరిపోయాయి. వాటితో జీవితం సాఫీగానే సాగింది. ఒక ప్రాంతపు కోసును మరో ప్రాంతపు కోసుతో కలిపి, వందల మైళ్ళ విస్తీర్ణాన్ని ఒకే పటంపై చూపవలసి వచ్చినప్పుడే చిక్కు ఎదురైంది.

కంపెనీ అధికారుల పటాలు కూడా ఇందుకు మినహాయింపు కాదు. దారి వెంట కొలత చక్రాన్ని దొర్లించి, దిక్సూచితో దిశను గుర్తించి వారు పటాలు గీసేవారు. గుట్ట ఎక్కిన దూరం, వాగు చుట్టూ తిరిగిన దూరం అన్నీ కొలతలో చేరిపోయేవి. వెళ్ళలేని చోట పటం ఖాళీగా ఉండేది. 1795లో కెప్టెన్ బ్లంట్ అనే అధికారి చునార్ కోట నుంచి గోదావరి దిగువన ఎర్నగూడెం వరకు దారిని పరిశీలిస్తూ ప్రయాణించాడు. బస్తర్ లోపలికి వెళ్ళాలన్న ఆయన ప్రయత్నాన్ని గోండులు అడ్డుకోవడంతో అంచులు పట్టుకుని దక్షిణానికి సాగవలసి వచ్చింది. నేటి సుక్మా ప్రాంతం అప్పటి కంపెనీ పటాలకు అందని భూమి.

యార్క్‌షైర్ నుంచి శ్రీరంగపట్నం దాకా

లాంబ్టన్ ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో సామాన్య కుటుంబంలో జన్మించారు. గణితంలో చిన్ననాటనే ప్రతిభ చూపిన ఆయన 1781లో సైన్యంలో చేరారు. ఉత్తర అమెరికాలో న్యూబ్రన్స్‌విక్ ప్రాంతంలో సుమారు పదమూడేళ్ళు గడిపారు. సైనికుల బసల నిర్వహణ చూస్తూ, భూముల సర్వేలో పాల్గొంటూ, మిగిలిన సమయాన్ని గణిత గ్రంథాలకు కేటాయించారు. అక్కడే ఒక సూర్యగ్రహణాన్ని పరిశీలిస్తూ ఒక కంటి చూపును దాదాపు కోల్పోయారు. ఆ తర్వాతి జీవితమంతా దూరదర్శిని ద్వారా సుదూర బిందువులను గురిచూడటంలోనే గడవడం విశేషం.

నలభై ఏళ్ళు దాటిన వయసులో, 1796లో, 33వ పదాతి దళంతో ఆయన భారతదేశానికి వచ్చారు. ఆ దళానికి నాయకుడు ఆర్థర్ వెల్లెస్లీ. 1799లో టిప్పు సుల్తాన్‌పై జరిగిన శ్రీరంగపట్నం యుద్ధంలో లాంబ్టన్ పాల్గొన్నారు. ఒక రాత్రి జనరల్ బెయిర్డ్ సేన చీకటిలో దారి తప్పింది. సరైన దిశలోనే వెళ్తున్నామని సైన్యం అనుకోగా, నక్షత్రాల స్థానాన్ని బట్టి నేరుగా శత్రు శిబిరం వైపు నడుస్తున్నామని లాంబ్టన్ గుర్తించారు. తొలుత నమ్మని సేనాపతి దిక్సూచి చూసి ఒప్పుకున్నాడు.

మైసూరు పతనం తర్వాత విశాలమైన భూభాగం కంపెనీ చేతికి వచ్చింది. పన్నుల వసూలుకు, సేనల కదలికకు పటాలు కావాలి. తెలుగు వారికి కైఫియత్తుల ద్వారా సుపరిచితుడైన కాలిన్ మెకంజీకి మైసూరు గ్రామాలు, చెరువులు, సరిహద్దుల సర్వే అప్పగించారు. కావలి సోదరులు ఆయనకు తోడ్పడ్డారు. లాంబ్టన్ ప్రతిపాదించిన పని వేరు. ద్వీపకల్పం ఒక తీరం నుంచి మరో తీరం దాకా త్రిభుజాల వలను అల్లి, ముఖ్య స్థానాలను నిర్దుష్టంగా నిర్ణయించాలని, దాంతోపాటు భూగోళపు అసలు ఆకృతిని తేల్చాలని ఆయన కోరారు. వెల్లెస్లీ మద్దతుతో 1800లో మద్రాసు ప్రభుత్వం అంగీకరించింది.

వంద అడుగుల గొలుసు

త్రిభుజాల పద్ధతికి మూలం సరళమైనది. ఒక భుజం పొడవు, దాని రెండు కొనల వద్ద కోణాలు తెలిస్తే మిగిలిన రెండు భుజాలను లెక్కతో రాబట్టవచ్చు. ఆ భుజాలపై కొత్త త్రిభుజాలు నిర్మించవచ్చు. కాబట్టి నేలపై చేతితో కొలవవలసింది మొదటి గీతను మాత్రమే. ఆ గీతలో దొర్లిన తప్పు మాత్రం తర్వాతి త్రిభుజాలన్నిటిలోకీ పాకుతుంది.

లాంబ్టన్ వాడిన గొలుసుకు సొంత చరిత్ర ఉంది. లండన్‌లో రామ్స్‌డెన్ తయారు చేసిన ఆ ఉక్కు గొలుసును 1793లో మెకార్ట్‌నీ రాయబారం చైనా చక్రవర్తికి కానుకగా తీసుకువెళ్ళింది. అక్కడ ఆదరణ దక్కకపోవడంతో రాయబారంతో వెళ్ళిన శాస్త్రజ్ఞుడు డిన్‌విడీ ద్వారా అది కలకత్తాకు, అక్కడి నుంచి లాంబ్టన్ చేతికి చేరింది. రెండున్నర అడుగుల కడ్డీలు నలభై, ఇత్తడి కీళ్ళతో కలిపితే వంద అడుగులు. తర్వాత ఇంగ్లండ్ నుంచి మరో గొలుసు వచ్చింది. దానిని పనికి వాడకుండా, కీళ్ళు అరిగి సాగే పని గొలుసును సరిచూసుకునే ప్రమాణంగా భద్రపరిచారు.

1802 ఏప్రిల్ 10న మద్రాసు సమీపంలోని సెయింట్ థామస్ మౌంట్ వద్ద కొలత మొదలైంది. ముక్కాలిపీటలపై అమర్చిన కొయ్య పెట్టెల్లో గొలుసును చాచి, వాటి ఎత్తును మరలతో సరిచేసి, పక్కన ఉష్ణమాపకాలు ఉంచేవారు. మద్రాసు వేసవిలో ఆ జాగ్రత్త అవసరం. వంద అడుగుల ఉక్కు గొలుసు పది సెల్సియస్ డిగ్రీల వేడి పెరిగితే సుమారు 3.5 మిల్లీమీటర్లు సాగుతుంది. నాలుగు వందల సార్లు గొలుసు పరిస్తే ఆ తేడా దాదాపు 1.4 మీటర్లవుతుంది. అందుకే ప్రతిసారీ ఉష్ణోగ్రతను నమోదు చేసి, పొడవును సవరించారు. నలభై మూడు రోజుల్లో, మే 22 నాటికి, సుమారు ఏడున్నర మైళ్ళ గీత పూర్తయింది. తేలిన పొడవు 40,006.44 అడుగులు.

1804లో బెంగళూరు వద్ద మరో ఆధార రేఖను నేలపై కొలిచారు. మద్రాసు నుంచి త్రిభుజాల ద్వారా లెక్కగట్టిన పొడవుకు, గొలుసుతో కొలిచిన పొడవుకు వచ్చిన తేడా నాలుగు అంగుళాల లోపే. ఏడు మైళ్ళకు పైబడిన ఆ రేఖ, రెండు వందల మైళ్ళ దూరంలో ఆరంభమైన లెక్కకు సాక్ష్యం పలికింది. మద్రాసు నుంచి మంగళూరు వరకు త్రిభుజాలు చేరేసరికి ద్వీపకల్పపు వెడల్పు సుమారు 360 మైళ్ళని తేలింది. అప్పటి పటాలు 400 మైళ్ళుగా చూపుతూ వచ్చాయి. నలభై మైళ్ళు భూమిపై కాక కాగితంపై మాత్రమే ఉన్నాయి.

అయినా పని విలువను అందరూ గుర్తించలేదు. శ్రీరంగపట్నం వెళ్ళదలచిన వాడు పల్లకీ బోయీలకు ఆ మాట చెబితే చాలని, దానికోసం ఇంత సర్వే ఎందుకని మద్రాసు ఆర్థిక వ్యవహారాల పెద్ద ఒకరు ఆక్షేపించినట్లు ఎవరెస్ట్ తర్వాత నమోదు చేశారు. ఖర్చుకు జవాబు చెప్పుకోవడం లాంబ్టన్‌కు చివరి వరకు తప్పలేదు.

గోపురం నుంచి పడిన యంత్రం

కోణాలు కొలిచే యంత్రం పేరు థియోడలైట్. లండన్‌లో కారీ తయారు చేసిన ఆ పరికరపు వృత్తఫలకం మూడడుగుల వెడల్పు, బరువు దాదాపు అర టన్ను. సముద్రంపై ఫ్రెంచి ఓడ దానిని పట్టుకుని మారిషస్‌కు తరలించింది. అది శాస్త్ర పరికరమని తెలుసుకున్న అక్కడి ఫ్రెంచి గవర్నరు దానిని మర్యాదగా మద్రాసుకు పంపించాడు.

మైదాన ప్రాంతాల్లో కొండలు లేనిచోట గుడి గోపురాలే పరిశీలన స్థానాలయ్యాయి. 1808లో తంజావూరు బృహదీశ్వరాలయ గోపురంపైకి ఎక్కిస్తుండగా తాడు తెగి, యంత్రం గోడకు కొట్టుకుంది. వృత్తఫలకం వంగిపోయింది. కొత్తది తెప్పించాలంటే ఏళ్ళు పడుతుంది. లాంబ్టన్ తన డేరాలోకి ఎవరినీ రానివ్వక, మరలు, కప్పీలు, చీలలతో ఫలకాన్ని కొద్దికొద్దిగా లాగి యథాస్థితికి తెచ్చే ప్రయత్నంలో ఆరు వారాలు గడిపారు. అదే పరికరంతో పని తిరిగి మొదలైంది.

దక్షిణాన కన్యాకుమారి సమీపం నుంచి ఉత్తరానికి సాగిన త్రిభుజాల వరుస తెలుగు నేలపైకి చేరింది. 1811లో అనంతపురం ప్రాంతంలోని గుత్తి వద్ద, 1815లో బీదర్ సమీపంలోని దామరగిద్ద వద్ద ఆధార రేఖలను కొలిచారు. కన్యాకుమారి నుంచి దామరగిద్ద వరకు దాదాపు పది అక్షాంశ డిగ్రీల నిడివి గల రేఖాంశ చాపం సిద్ధమైంది. భూమి ధ్రువాల వద్ద ఎంత చదునుగా ఉందో లెక్కించడానికి భూమధ్యరేఖకు సమీపంలోని ఇంతటి చాపం ఐరోపా శాస్త్రవేత్తలకు ఎంతో అవసరమైంది.

ఇదే లక్ష్యంతో ఫ్రాన్స్‌లో డెలాంబ్ర్, మెషాఁ 1790ల్లో డన్‌కర్క్ నుంచి బార్సిలోనా వరకు కొలిచారు. ధ్రువం నుంచి భూమధ్యరేఖకు గల దూరంలో కోటో వంతును మీటరుగా నిర్ణయించడం వారి ఉద్దేశం. లాంబ్టన్ కొలిచింది అడుగుల్లో. ప్రమాణాలు వేరైనా ప్రశ్న ఒక్కటే. ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ఆయనకు అనుబంధ సభ్యత్వం ఇచ్చింది. 1817లో లండన్ రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నుకుంది.

గోదావరి అడవుల మూల్యం

1818 జనవరి 1 నుంచి ఈ సర్వే గవర్నర్ జనరల్ అధీనంలోకి వచ్చి, మహా త్రికోణమితీయ సర్వేగా పేరుపొందింది. హైదరాబాద్ కేంద్రమైంది. అదే ఏడాది చివర జార్జ్ ఎవరెస్ట్ ప్రధాన సహాయకుడిగా చేరారు. అప్పటికి లాంబ్టన్ వయసు అరవై దాటింది.

1819లో కృష్ణా గోదావరుల మధ్య ప్రాంతానికి త్రిభుజాలు విస్తరించే బాధ్యతను లాంబ్టన్ ఎవరెస్ట్‌కు అప్పగించారు. వర్షాకాలంలో దుమ్ము అణగి, దూరపు కొండలు స్పష్టంగా కనిపిస్తాయి. అందుకే సర్వే ఆ కాలంలోనే సాగాలి. తూర్పున, నేటి ఖమ్మం, ములుగు ప్రాంతాల అడవుల్లో అదే కాలం జ్వరాల కాలం. వాగులు పొంగాయి, దారులు మూసుకుపోయాయి. కొండ శిఖరాలపై చెట్లు నరికితే తప్ప గురి దొరకదు. పగటి మబ్బులో కనిపించని స్థానాలను రాత్రి దీపాల వెలుగులో గురిచూడవచ్చని ఎవరెస్ట్ ఈ యాత్రలోనే గ్రహించారు. సర్వే చరిత్రలో అది ముఖ్యమైన మలుపు.

గోదావరి సమీప అడవుల్లో బృందం మొత్తాన్ని మలేరియా కమ్మింది. ఎవరెస్ట్, వైద్యుడు, భూగర్భ పరిశీలకుడు అయిన వాయ్‌సీ, వారి వెంట ఉన్న ఖలాసీలు, జెండా పట్టేవారు, మోతగాళ్ళు పడకేశారు. హైదరాబాద్ నుంచి డోలీలు, ఏనుగులు పంపి వారిని తీసుకురావలసి వచ్చింది. దారిలోనే కొందరు కన్నుమూశారు. కోలుకోవడానికి ఎవరెస్ట్ 1820లో గుడ్ హోప్ అగ్రానికి వెళ్ళారు. మరణించిన మోతగాళ్ళ గ్రామాలు, పేర్లు సర్వే గ్రంథాల్లో చోటు పొందలేదు. మద్రాసు సర్వే పాఠశాల నుంచి వచ్చిన జాషువా డి పెన్నింగ్ వంటి సహాయకుల పేర్లు మాత్రం నిలిచాయి.

ఆ అడవులకు ఆవల, గోదావరికి ఉత్తరాన, శబరి లోయ ఉంది. కూనవరం వద్ద శబరి గోదావరిలో కలుస్తుంది. దాని ఎగువన సుక్మా. లాంబ్టన్ జీవితకాలంలో త్రిభుజాలు ఇటు అడుగుపెట్టలేదు. నాగపూర్ భోంస్లేలకు లోబడిన బస్తర్ రాజ్యంలో కూతవేటు, ఆమడ మరికొంతకాలం యథావిధిగా సాగాయి.

హింగన్‌ఘాట్‌లో ముగింపు

1822 చివరలో లాంబ్టన్ హైదరాబాద్‌ను వదిలి నాగపూర్ వైపు బయలుదేరారు. వృద్ధాప్యం, తీవ్రమైన దగ్గు బాధిస్తున్నా విశ్రాంతి కోరలేదు. 1823 జనవరి 20న దారిలో హింగన్‌ఘాట్ వద్ద డేరాలోనే మరణించారు. అప్పటికి ఆయన ఆధ్వర్యంలో సుమారు 1,65,000 చదరపు మైళ్ళ భూభాగం త్రిభుజాల పరిధిలోకి వచ్చింది.

పనిని ఎవరెస్ట్ కొనసాగించారు. గురువు గొలుసుపై ఆయనకు పూర్తి విశ్వాసం ఉండేది కాదు. వేడికి పొడవు మారకుండా రెండు లోహాలను జతచేసిన కడ్డీలను ఇంగ్లండ్ నుంచి తెప్పించి, దామరగిద్దకు ఉత్తరాన చాపంలో కొంత భాగాన్ని తిరిగి కొలిపించారు. బీదర్ ఆధార రేఖను 1841లో ఆండ్రూ వా కొత్త కడ్డీలతో మళ్ళీ కొలిచారు. కన్యాకుమారి నుంచి హిమాలయ పాదాల వరకు సుమారు 2,400 కిలోమీటర్ల చాపం ఆనాటికి పూర్తయింది. లాంబ్టన్ ఫలితాలను సైతం పరిగణనలోకి తీసుకుని 1830లో ఎవరెస్ట్ నిర్ణయించిన భూ ఆకృతి భారత పటాలకు తరతరాలు ఆధారమైంది. 2005 జాతీయ పటాల విధానం తర్వాతే బహిరంగ వినియోగ పటాలకు ఉపగ్రహ యుగపు అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది.

ఈ కొలత నిష్కామమైనది కాదు. పాలనకు, పన్నుకు, సేనల కదలికకు అది పనికివచ్చింది. అడవులను, కొండలను పటంలోకి చేర్చిన ప్రతి త్రిభుజం వాటిపై అధికారానికి కూడా దారి తీసింది. అదే సమయంలో ఒక ఊరికీ మరో ఊరికీ మధ్య దూరం పాలకుడు మారినా, నడిచేవాడు మారినా మారకుండా నిలిచే వీలు కూడా దానివల్లే కలిగింది.

స్వతంత్ర భారతం 1956 చట్టంతో మెట్రిక్ పద్ధతిని స్వీకరించింది. మైలురాళ్ళు కిలోమీటరు రాళ్ళయ్యాయి. తెలుగు నాట స్థలం మాత్రం నేటికీ గజాల్లో, సెంట్లలో, గుంటల్లోనే అమ్ముడవుతోంది. ఎకరంలో వందో వంతు సెంటు, నలభయ్యో వంతు గుంట. ముప్పై మూడు అడుగుల పొడవు, అంతే వెడల్పు ఉన్న స్థలం ఒక గుంట, అంటే 121 చదరపు గజాలు. మల్లెపూలు మూరలతోనే కొలుస్తున్నారు. ఎవరి అవసరానికి తగిన కొలత వారిది.

లాంబ్టన్ వాడిన మహా థియోడలైట్ డెహ్రాడూన్‌లో సర్వే ఆఫ్ ఇండియా సంరక్షణలో ఉంది. తంజావూరులో దెబ్బతిని, ఆరు వారాల శ్రమతో తిరిగి నిలబడిన పరికరం అదే.